పెరటి చప్టా

"వంటింట్లోకి వస్తే ఊరుకునేదాన్ని. పూజగదిలోకి వచ్చాయి నీళ్లు. కలశం పీట కింద మడుగు కట్టింది. ఇప్పుడేం చెయ్యమంటారో మీరే చెప్పండి."

ఇందిరాదేవి కుచ్చిళ్లు ఎగదోపుకుని, చేతిలో చీపురుతో వంటింటి మధ్యలో నిలబడి ఉంది. అడిగింది భర్తని. జానకిరామయ్య మాస్టారు కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని పేపరు చూస్తున్నారు. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. రిటైరయ్యాక కూడా పామర్రులో ఎవరేం అడిగినా మూడు కారణాలు చెప్పకుండా వదిలిపెట్టరు. ఈ ఉదయం ఒక్క కారణం కూడా చెప్పలేదు.

"వాన పడిందిగా," అన్నారు చివరికి.

"వాన ఇవాళ కొత్తగా పడిందా? ఇల్లు కట్టి తొమ్మిదేళ్లయింది. ఎన్ని వానలు పడలేదు, ఎన్ని తుపాన్లు రాలేదు? పెరటి గుమ్మం దాటి ఒక్క చుక్క లోపలికొచ్చిందా? ఆ చప్టా వేసిన వారానికే వచ్చింది."

మాస్టారు పేజీ తిప్పారు.

కోడలు శాంభవి మోకాళ్ల మీద కూర్చుని పాత తువ్వాలుతో నీళ్లు అద్ది బకెట్లోకి పిండుతోంది. తలెత్తలేదు. తలెత్తితే అత్తగారి మొహం చూడాల్సి వస్తుంది. చప్టా ఆమెది మరి.

కూచిపూడిలో పుట్టి పెరిగిన పిల్ల. నలుగురు పిల్లలకి నాట్యం నేర్పుకుంటానని మూడు నెలల పాటు ఇంట్లో అందరి కాళ్లావేళ్లా పడింది. హాల్లో నేర్పుకుంటానని అడిగితే ఇందిరాదేవి ససేమిరా అంది. హాల్లో టేకు సోఫా ఉంది, అద్దాల బీరువా ఉంది, ఊళ్లో పిల్లలంతా వచ్చి దబదబా తొక్కితే అవి ఉంటాయా? చివరికి ఓ మెట్టు దిగింది. పెరట్లో గుమ్మానికి ఆనుకుని, గడపంత ఎత్తున చప్టా వేయించుకోమంది. రాకపోకలకి వేరే మెట్లు పెట్టించుకోమంది. ఇంట్లోకి మాత్రం ఒక్క గజ్జె చప్పుడు రాకూడదంది.

గజ్జెలు రాలేదు. వాటికన్నా ముందు నీళ్లొచ్చాయి.

"పుల్లయ్యకి కబురు పెట్టాను," అంది ఇందిరాదేవి. "మధ్యాహ్నం ట్రాక్టరు తెస్తాడు. మొత్తం పీకించి ఎత్తించేస్తాను."

శాంభవి చేతిలో తువ్వాలు ఆగింది. "ఎల్లుండి విజయదశమి అత్తయ్యా. తొమ్మిదిమంది పిల్లలు వస్తున్నారు."

"రావద్దని చెప్పు."

"ఆ మాట ఇప్పటికే రెండుసార్లు చెప్పాను. చల్లపల్లిలో గది ఖాళీ చెయ్యమన్నప్పుడొకసారి. ఇక్కడ స్కూలువాళ్లు వరండా ఇక ఇవ్వలేమన్నప్పుడొకసారి. మూడోసారి కూడా చెబితే ఇక నా దగ్గరికి ఎవరూ పిల్లల్ని పంపరు."

"అయితే నా పూజగదిలో చేపలు పెంచుకోమంటావా?"

శాంభవి తువ్వాలు గట్టిగా పిండింది. ఆ పిండటంలో చెప్పదలుచుకున్నదంతా చెప్పింది. భర్త శరత్‌చంద్ర ఉంటే ఎటో ఒకవైపు మాట్లాడేవాడు. అతను బ్యాంకు ఆడిటు పని మీద విజయవాడలో ఉండిపోయాడు. ఇలాంటి రోజుల్లో మగవాళ్లకి బెజవాడలో పనిపడటం వాళ్ల పూర్వజన్మ సుకృతం.

పెరట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

వచ్చింది సైదావలి, చప్టా వేసిన తాపీమేస్త్రి. సిమెంటు దిమ్మెలు తన ఇంటి దొడ్లోనే అచ్చుల్లో పోసి తయారుచేస్తాడు. ఇక్కడి నేల నల్లమట్టి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. దాని మీద కాంక్రీటు పోస్తే రెండేళ్లకే బీటలిస్తుందని, అడుగున కంకర పోసి, దాని మీద ఇసుక పరిచి దిమ్మిసతో కొట్టి, పైన దిమ్మెలు ఒకదాన్నొకటి ఒరుసుకునేలా పేర్చాడు. సిమెంటుతో అతికించలేదు. నేల ఎటు కదిలినా దిమ్మె ఎత్తి, ఇసుక సర్ది, మళ్లీ పెట్టుకోవచ్చు. మెట్లూ అంతే. కింది మెట్టు వెనక సగం మీద పై మెట్టు కూర్చుంటుంది, ఎంత తొక్కినా జరగదు.

మెట్లు మూడే పెట్టాడు. "లాభం, నష్టం, లాభం" అని తనే ఎక్కి లెక్క చూపించాడు. ఐదుపూటలా నమాజు తప్పని మనిషి, మెట్ల లెక్క కూడా తప్పడు. ఆ రోజు మాస్టారు పెద్దగా నవ్వారు. "నాలుగు మెట్లు పెడితే నా ఇల్లు దివాలా తీస్తుందటరా సైదా?" అన్నారు. వాస్తు అన్న మాట వినబడితే చాలు, మాస్టారి గొంతు లేస్తుంది. ఇందిరాదేవి కాపురానికొచ్చిన కొత్తలో మంచం తల దక్షిణానికి తిప్పింది. అప్పుడు మొదలైన వాదన ముప్ఫై ఐదేళ్లయినా తెమల్లేదు.

సైదావలి మెట్లెక్కి చప్టా మీదికి వచ్చాడు. గుమ్మం మూల ఇంకా బెత్తెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఉత్తరాన పక్కింటివాళ్ల గోడ, తూర్పున ఈ ఇంటి గోడ. ఆ మూలకి చేరిన నీళ్లకి గుమ్మం తప్ప వేరే దారి లేదు. అతనికి చూడగానే విషయం బోధపడింది. మాస్టారి వైపు చూశాడు. మాస్టారు పేపరు వైపు చూశారు.

"తప్పు నాదేనండి అమ్మగారూ," అన్నాడు సైదావలి. "దిమ్మెలెత్తి ఇసుక అటు తిప్పితే సరిపోద్ది. రేపు సాయంత్రానికి చేసిపెడతా."

"ముప్ఫై ఏళ్ల నుంచి చేస్తున్నావు ఈ పని. నీళ్లు ఇంట్లోకి పోవాలో బయటికి పోవాలో తెలీదా నీకు?"

"తెలుసండి."

"తెలిసే చేశావా?"

సైదావలి ఇరుకునపడ్డాడు. తెలియక చేశానంటే పనికి మచ్చ. తెలిసే చేశానంటే మనిషికి మచ్చ. కాలి బొటనవేలితో దిమ్మె మీది మట్టి గీకాడు.

"నీ మీద నమ్మకంతో రాయీ రప్పా కూడా చూసుకోలేదు నేను. పని నేర్చుకోడానికి మా ఇల్లే దొరికిందా నీకు? ఇక నువ్వు ఒక్క దిమ్మె ముట్టుకోవద్దు. పుల్లయ్య వస్తాడు, వాడు చూసుకుంటాడు."

"ఎవరికమ్మా పని రాంది?"

ఆ గొంతు దొడ్డిదారి నుంచి వచ్చింది. బేగం బీ. మొగుడు టీ తాగకుండా వచ్చాడని ఫ్లాస్కు పట్టుకుని వెనకే వచ్చింది, సరిగ్గా వినకూడని మాట దగ్గరికి. కొంగు నడుముకి చుట్టి మూడు మెట్లూ రెండడుగుల్లో ఎక్కేసింది.

"ఈ దిమ్మెలు నా చేత్తో తడిపినయ్యి అమ్మగారూ. పదిహేను రోజులు పొద్దునా సాయంత్రం బిందెలతో మోసి పోశా. మా ఆస్మా పురిటికొచ్చి ఇంట్లో ఉంటే, దానికి వేణ్ణీళ్లు ఆలస్యమైనాయిగానీ దిమ్మెలకి నీళ్లు ఆలస్యం కాలా."

"దిమ్మెల్ని ఎవరేమన్నారు బేగం బీ? అవి నిక్షేపంలా ఉన్నాయి. వాటిని పరిచిన మనిషిని అంటున్నాను."

"ఆ మనిషి మావాడేగా."

"మనిషి మీవాడే. నీళ్లొచ్చింది నా ఇంట్లోకి."

ఇద్దరికీ ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఇద్దరూ గట్టివాళ్లే. ఇరవై ఏళ్లుగా ఒకరి ఇంటి పెళ్లికొకరు వెళ్తున్నారు. అందుకే ఎక్కడ గుచ్చితే నొప్పో ఇద్దరికీ తెలుసు.

బేగం బీ మొగుడి వైపు తిరిగింది. "నువ్వేందయ్యా, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు? చెప్పవేం?"

"ఊరుకోవే. తప్పు నాదన్నాగా."

"ఏమన్నావూ?"

"తప్పు నాదన్నా."

బేగం బీ ఫ్లాస్కు మెట్టు మీద పెట్టింది. కోపం పోయి అనుమానం వచ్చింది ఆమెకి. "అమ్మగారూ, నాకు నిఖా అయి ఇరవై ఎనిమిదేళ్లు. ఈయన నోట ఆ మాట రావడం ఇదే మొదలు. కూరలో రెండోసారి ఉప్పు తనే వేసి, నా చెయ్యి ఎక్కువైందన్న మనిషి ఈయన. ఇందులో ఏదో ఉంది."

సైదావలి తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోడానికి అక్కడ చెమటేం లేదు.

వంటింట్లో శాంభవి లేచి నిలబడింది. వారం రోజులుగా ఆమెకి ఒక సంగతి మనసులో ఉంది. రోజూ పొద్దున్నే చప్టా మీద ఒంటరిగా సాధన చేస్తుంటే, ఎక్కడ మొదలుపెట్టినా ఒళ్లు ఆ గుమ్మం మూలకే లాగేది. రెండేళ్లు అభ్యాసం తప్పింది కదా, కాళ్లు పట్టు తప్పాయనుకుని తనలో తనే కుమిలిపోయింది.

చెంబుతో నీళ్లు తీసుకుని ఆమె చప్టా మీదికి వచ్చింది. గుమ్మానికి ఎదురు మూలకి వెళ్లి, చెంబు వంచి సన్నగా పోసింది. నీళ్లు అటూ ఇటూ చూడలేదు. ఐమూలగా చప్టా అంతా దాటి, తిన్నగా గుమ్మం పక్కకి వెళ్లి ఆగాయి.

"సైదావలిగారూ, మీ రసమట్టం ఒకసారి ఇస్తారా?"

"ఎందుకమ్మా, నేను సరిచేస్తానన్నాగా."

"ఇవ్వండి."

సంచిలోంచి తీసి ఇవ్వక తప్పలేదు అతనికి. శాంభవి దాన్ని నేల మీద పెట్టింది, వంగి గాజు గొట్టంలో బుడగ ఎక్కడ ఆగిందో చూసింది. ఇంకోచోట పెట్టింది. మరోచోట పెట్టింది. ఇందిరాదేవి, బేగం బీ పోట్లాట మర్చిపోయి పక్కపక్కనే నిలబడి చూస్తున్నారు.

"మావయ్యగారూ, ఒక్కసారి ఇటొస్తారా? లెక్క మీరైతే సరిగ్గా చెబుతారు."

మాస్టారు పేపరు మడిచి, గుమ్మం దాకా వచ్చి ఆగారు.

"ఐదు చోట్ల పెట్టి చూశాను. ఐదు చోట్లా బుడగ ఒకే గీత దగ్గర ఆగింది. పొరపాటున వంగితే ఒక్కోచోట ఒక్కోలా ఉండాలి కదండీ?"

మాస్టారు కళ్లజోడు తీశారు. మళ్లీ పెట్టుకున్నారు. జీవితంలో తప్పు లెక్కకి ఒప్పు వేసి ఎరగరు.

"ఉండాలి," అన్నారు.

"అంటే ఇది పొరపాటు కాదు. ఎవరో ఇలాగే కావాలన్నారు." శాంభవి సైదావలి వైపు తిరిగింది. "ఎవరు చెప్పారు?"

"మాటిచ్చానమ్మా. నన్నడగొద్దు."

"ఎవరికిచ్చావు మాట?" అంది ఇందిరాదేవి. "ఇంట్లో ఉండేదే నలుగురం. నేను చెప్పలేదు. అమ్మాయి చెప్పలేదు. అబ్బాయికి ఇంటికి ఏ మూల ఏముందో కూడా తెలీదు."

అలా లెక్కపెట్టుకుంటూ వచ్చి ఆమె ఆగింది. లెక్కలో ఒక్కరే మిగిలారు. ఆ మిగిలినవారి వైపు నెమ్మదిగా తిరిగింది.

పక్కింటి కుక్కర్ కూత వేసింది.

"వాడినేం అనకండి," అన్నారు మాస్టారు. "ఏడో తరగతి దాకా నా దగ్గరే చదివాడు. ఎవరికీ చెప్పొద్దంటే చెప్పలేదు. వాలు అటు పెట్టమని చెప్పింది నేను."

"ఎటు?"

"అటే. ఆ మూలకి."

"ఆ మూలకి పేరేం లేదా?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఈశాన్యం."

"సరిగ్గా వినబడలేదు. మళ్లీ చెప్పండి."

"ఈశాన్యం. నీళ్లు ఈశాన్యానికి పోయేట్టు పెట్టమన్నాను. చాలా?"

బేగం బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సైదావలి, నోట్లోంచి రాయి తీసినవాడిలా, హమ్మయ్య అనుకున్నాడు. ఇందిరాదేవి మొహంలో ముప్ఫై ఐదేళ్ల వాదన ఒక్కసారి మెరిసి ఆగింది. నోరు తెరిచింది. కానీ మాస్టారు ఆమె వైపు చూడటం లేదు, కోడలి వైపు చూస్తున్నారు.

"నమ్మి చెయ్యలేదమ్మా. పోయినసారి క్లాసు ఆగిపోయినప్పుడు నువ్వు గజ్జెలు పాత చీరలో చుట్టి అటక మీద పెట్టావు. నేను చూశాను. నువ్వు ఏడిస్తే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఏడవకుండా నిచ్చెన దిగి, వంటింట్లోకి వెళ్లి చింతపండు నానబెట్టావు. మూడోసారి ఏ లోటూ ఉండకూడదనిపించింది. వాస్తులో ఏమీ లేదని నాకు తెలుసు. ఒకవేళ ఉంటే, అది నీకు అడ్డం రాకూడదనుకున్నాను."

శాంభవికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాపురానికొచ్చిన ఆరేళ్లలో మావగారు తనని ఇంత చూస్తున్నారని ఆమెకి తెలీదు. దాచుకోవాలనుకోలేదు, పమిటతో తుడుచుకుంది.

"చప్టాకి ఈశాన్యం మూలంటే మన గుమ్మమే అవుతుందని తట్టలేదు," అన్నారు మాస్టారు, కొంచెం చిన్నగా.

"నేను చెప్పానండి మాస్టారూ," అన్నాడు సైదావలి.

"చెప్పాడు. వేలెడు వాలుకి ఏం కాదులే పొమ్మన్నాను."

బేగం బీ ఇక ఆపుకోలేకపోయింది. పకపకా నవ్వింది. ఆ నవ్వు శాంభవికి అంటుకుంది, శాంభవి నుంచి సైదావలికి. మాస్టారు కూడా సగం నవ్వారు. ఇందిరాదేవి ఒక్కతే నవ్వలేదు. గుమ్మం దాటి చప్టా మీదికొచ్చి, నీళ్లు నిలిచిన మూలన పాదాలు తడుస్తుండగా నిలబడింది. తూర్పు చూసింది, ఉత్తరం చూసింది. పెదవులు కదిలాయి.

"సైదావలీ," అంది. "పని రాదన్నాను నిన్ను. ఆ మాట తప్పు."

"అయ్యో, అంత మాటెందుకండి అమ్మగారూ."

"ఇంకోసారి అనండి అమ్మగారూ," అంది బేగం బీ. "ఆయనకి ఎడం చెవి సరిగ్గా వినపడదు."

"నీకు రెండూ వినబడతాయిగా, నువ్వు చెప్పు," అంది ఇందిరాదేవి. తర్వాత మాస్టారితో అంది. "పుల్లయ్యకి ఫోన్ చేసి రావద్దని చెప్పండి. ఈ చప్టాని ఇక ఎవరూ ముట్టుకోకూడదు."

మాస్టారికి అర్థం కాలేదు. "మరి వాలు?"

"వాలు ఇలాగే ఉంటుంది."

"నీళ్లు లోపలికొస్తాయి ఇందిరా."

"వస్తే తుడుచుకుంటాను. ఇంత చీపురుంది, ఇంత బకెట్టుంది. ఈశాన్యానికి పోయే నీళ్లని పడమటికి తిప్పి, పండగ పూట ఆ పసిపిల్లల్ని దాని మీద నిలబెట్టమంటారా? తెలియక ముందు వేరు. తెలిశాక నా చేతులతో తిప్పించను."

"తర్కానికి నిలవదు నువ్వనేది."

"మీ తర్కం ఇందాకే చూశాం. అది నా పూజగది దాకా వచ్చింది."

ఇందిరాదేవి కోడలి వైపు తిరిగింది. గొంతు ఒక్క పిసరు మెత్తబడింది. "ఎల్లుండి వాన పడినా నీ క్లాసు ఆగదులే. హాల్లో పెట్టుకో. సోఫా వరండాలోకి జరిపిస్తాను. బీరువాకి ఓ దుప్పటి కప్పుదాం."

హాలు. మూడు నెలల పాటు దండం పెట్టి అడిగినా దొరకని హాలు. సైదావలి కూడా, అమ్మాయిగారికి కలిసొచ్చిందనుకున్నాడు. బేగం బీ ఫ్లాస్కు మూత తిప్పి టీ పొయ్యబోయింది. తగువు తీరినట్టే ఉంది.

"వద్దత్తయ్యా," అంది శాంభవి.

"ఏది వద్దు?"

"హాలు వద్దు. సైదావలిగారూ, దిమ్మెలు ఎత్తండి. వాలు పెరట్లోకి తిప్పండి. రేపు సాయంత్రానికి అవుతుందన్నారు కదా, నేను ఇసుక అందిస్తాను."

ఇందిరాదేవికి చెవులు సరిగ్గానే ఉన్నాయి, అయినా ఒక క్షణం పట్టింది. "నేనిస్తానన్నదాన్ని వద్దంటున్నావా?"

"కోపం తెచ్చుకోకండి. హాల్లో అయితే, మీరు ఒప్పుకున్నారు కాబట్టి నేను ఆడినట్టు. ఇక్కడైతే, నేను పిలిచానని మీరు వచ్చినట్టు. ఎల్లుండి మిమ్మల్ని ఆ మెట్ల మీదుగా తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాలని ఉంది నాకు. మీ కాళ్లు తడవకూడదు."

ఆ మాట ఇందిరాదేవికి నచ్చిందో గుచ్చుకుందో ఆమె మొహంలో తెలియలేదు. బహుశా రెండూ జరిగాయి. అడగడానికి ఒక్క ప్రశ్నే మిగిలింది ఆమె దగ్గర. అది మాత్రం వేళాకోళం కాదు.

"ఈశాన్యం వాలు తీయించి మొదలుపెడతానంటున్నావు. మూడోసారి కూడా ఆగిపోతే?"

"ఆగిపోతే నా వల్ల ఆగిపోవాలి అత్తయ్యా. మూల వల్ల కాదు."

మాస్టారు జీవితమంతా ఊరందరికీ చెప్పిన మాట అది. ఇవాళ కోడలి నోట వింటుంటే, ఆయనకి మెచ్చుకోవాలనిపించలేదు. భయమేసింది. వద్దమ్మా అని నోటిదాకా వచ్చింది, కష్టం మీద మింగేశారు.

సైదావలి సైకిలు దగ్గరికి వెళ్లి గునపం తెచ్చాడు. దిమ్మెలు అంత బిగువుగా పేర్చినప్పుడు మధ్యలోంచి ఎత్తడానికి వీల్లేదు. ముందు పల్లపు మూల దిమ్మె పెగలాలి, తర్వాత మిగిలినవి వరసగా వాటంతటవే చేతికొస్తాయి. అతను గునపం భుజానికి ఆనించుకుని ఆ మూలకి నడిచాడు, రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

ఇందిరాదేవి ఆ దిమ్మె మీదే నిలబడి ఉంది. కోడలి కళ్లలోకి చూస్తూ ఉంది. పక్కకి జరగలేదు.